నలభై రెండో ఇల్లు

తుఫాను దాటిన ఏడో రోజున, 2006 నవంబరు ఆరు, సోమవారం నాడు, తెనాలిలో పొద్దుటి పాసింజరెక్కి రేపల్లెలో దిగాను. అక్కడి నుంచి పెనుమూడి దాకా ఆటో. ఆ పైన కరకట్ట మీద దక్షిణానికి గంటన్నర నడిస్తే పల్లెపాలెం వచ్చింది. బడి తలుపు తీసే ఉంది. గోడ మీద నీళ్ళ చార నా నడుము దాకా ఉంది. బల్లలు నాలుగూ ఉన్నాయి. వాటి మీద ఉండాల్సిన కంప్యూటర్లు లేవు.

"ఎత్తుకుపోయారా?" అని అడిగాను.

"మేముండగా ఎవరెత్తుకుపోతారు సాయిబుగారూ," అన్నాడు మార్కు. మార్కు ఆ ఊళ్ళో పడవల ఇంజన్లు బాగుచేసే మనిషి. "దాచాం. రండి."

బడి వెనక నీలం డ్రమ్ము ఒకటి స్తంభానికి తాడేసి కట్టి ఉంది. మార్కు పైనున్న చెక్క తీశాడు. డీజిలు వాసన కొట్టింది. లోపల నాలుగు కంప్యూటర్ల పెట్టెలూ నిలువునా మునిగి ఉన్నాయి.

"పడవలకని దాచుకున్న డీజిలండి. తలా ఒక క్యాను పోశారు," అన్నాడు.

నేను నేల మీద కూర్చున్నాను. ఇరవై ఏళ్ళు రేడియోలు బాగుచేశాను. ఎనిమిదేళ్ళుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. టీ పోసినవాళ్ళను చూశాను, చీమల మందు చల్లినవాళ్ళను చూశాను. డీజిల్లో ముంచినవాళ్ళను చూడలేదు.

"ఎందుకు చేశావు మార్కూ?"

"అదేంటండి అలా అంటారు. ఉప్పునీళ్ళు తాగిన ఇంజనుకి గాలి తగిలితే మర్నాటికల్లా తుప్పు పడుతుంది. మంచినీళ్ళతో కడగాలి, డీజిల్లో ముంచాలి, మెకానిక్ వచ్చేదాకా పైకి తీయకూడదు. ఇప్పుడు మీరొచ్చారు. తీద్దాం."

అతను చొక్కా చేతులు పైకి మడిచాడు. అప్పుడే తేజస్విని వచ్చింది. పదో తరగతి చదివే పిల్ల. వెనక వాళ్ళమ్మ కోటిరత్నం ఉంది. తేజస్విని డ్రమ్ములోకి చూసి, "అందులో మా నాన్న ఫోటో ఉంది సార్," అంది.

ఆ కంప్యూటర్లు అక్కడికి ఎలా వచ్చాయో చెప్పాలి. తెనాలిలో మా ముస్లిం వెల్ఫేర్ సొసైటీ, బాపట్లలో ఒక చర్చి సేవా సంఘం, రేపల్లెలో ఒక యువజన సంఘం, ఈ మూడూ కలిసి ఆ ఏడాది వేసవిలో ఒక కమిటీ పెట్టాయి. హైదరాబాదులో ఒక ఆఫీసు పక్కన పడేసిన ముప్పై కంప్యూటర్లను బాపట్లవాళ్ళు అడిగి తెచ్చారు. తెనాలిలో మా ఇంటి ముందు గదిలో నేను వాటిని బాగుచేశాను. ఏ బడికి ఎన్ని ఇవ్వాలో రేపల్లెవాళ్ళు తిరిగి చూశారు. ఇరవై ఐదు బడులకు, హాస్టళ్ళకు, సంఘాల ఆఫీసులకు వెళ్ళాయి. ఐదింటిని గడప దాటలేని మనుషులున్న ఇళ్ళకు ఇవ్వాలని తీర్మానం చేశారు. నెలకోసారి నేను అన్నిచోట్లకూ వెళ్ళి చూసి రావాలి.

జూన్‌లో పల్లెపాలెం బడిలో నాలుగు బిగించాను. ప్రారంభోత్సవానికి బాపట్లవాళ్ళు డిజిటల్ కెమెరా తెచ్చి, పిల్లలు నేర్చుకుంటారని వారం రోజులు వదిలి వెళ్ళారు. తేజస్విని ఏం టైపు చెయ్యమంటారని అడిగితే, నీకు తెలిసింది చెయ్యమన్నాను. ఆ పిల్ల ఊరిని టైపు చేసింది. నలభై రెండు ఇళ్ళు. ఇంట్లో ఎవరెవరు, రేషన్ కార్డు నంబరు, పడవ నంబరు, ఇంటికొక ఫోటో. ఆగస్టులో నేను వెళ్ళినప్పుడు ఇదంతా చూపించి, "దీన్ని ఇంకోచోట దాచాలి కదా సార్, ఇది చెడిపోతే?" అంది. వచ్చే నెల పెన్‌డ్రైవ్ తెస్తానన్నాను.

వచ్చే నెల నేను వెళ్ళలేదు. కంప్యూటర్ల మీద అంటించే స్టిక్కరులో మూడు సంస్థల్లో ఎవరి పేరు పైన ఉండాలన్న దాని మీద ఆగస్టు మీటింగులో మాట పెరిగింది. అది తేలేదాకా ఎవరూ ఎక్కడికీ వెళ్ళొద్దన్నారు. అక్టోబరు ముప్పై వచ్చేసరికి అది తేలలేదు.

ఆ రోజు పొద్దున ఊళ్ళో నలుగురు పడవల్ని పాయలోకి తేవడానికి వెళ్ళారు. ముగ్గురు తిరిగొచ్చారు. నాలుగోవాడు మస్తాన్‌రావు, తేజస్విని తండ్రి.

నవంబరు రెండున బాపట్ల అవతల తీరానికి ఒక శవం కొట్టుకొచ్చింది. ముఖం గుర్తుపట్టే స్థితిలో లేదు. ఎడమచేతి చూపుడు వేలు మొదటి కణుపు లేదు. పోలీసులు రెండు రోజులు ఉంచి అక్కడే ఇసుకలో పూడ్చిపెట్టారు. పేపర్లో ఆ వేలి సంగతి పడింది. అది చదివి కోటిరత్నం వెళ్ళింది. మస్తాన్‌రావుకు ఆ కణుపు ఇంజను బెల్టులో పడి తెగింది. ఆవిడ వెళ్ళేసరికి స్టేషను ముందు ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళ మగవాళ్ళకూ ఆ వేలు లేదన్నారు.

"పేపర్లో చదివాక అందరికీ వేలు పోతుందమ్మా," అన్నాడట స్టేషను రైటరు. "తుఫానుకి ముందు తీసిన ఫోటో ఉంటే తీసుకురా. చెయ్యి కనపడాలి. లేదంటే కనపడని మనిషి కిందే రాస్తాం. పోయినట్టు రాయాలంటే ఏడేళ్ళు ఆగాలి."

గుడిసె పోయింది. పెట్టె పోయింది. పెళ్ళి ఫోటో, రేషన్ కార్డు అందులోనే ఉన్నాయి. మిగిలింది తేజస్విని కంప్యూటర్లో పెట్టిన ఫోటో ఒక్కటే. అందులో మస్తాన్‌రావు ఎడమచెయ్యి కూతురి భుజం మీద వేసి నిలబడ్డాడు.

"పదకొండో రోజు దాటిపోతుంది అన్నయ్యా," అంది కోటిరత్నం. "బొట్టు పెట్టుకోవాలో తీసెయ్యాలో చెప్పేవాళ్ళు లేరు. ముసలాళ్ళు పెట్టుకోమంటారు. పెట్టుకుంటే కుర్రాళ్ళు అదోలా చూస్తున్నారు."

"ఏ పెట్టెలో ఉందమ్మా?" అని తేజస్వినిని అడిగాను.

"కిటికీ పక్కది."

మార్కు దాన్ని ముందు తీశాడు. డీజిలు కారిపోయేదాకా డ్రమ్ము అంచున పట్టుకున్నాడు. మూత విప్పి హార్డ్ డిస్కు బయటకు లాగాను. అరచేతిలో పట్టే ఇనుప పెట్టె అది. రాసినదంతా దాని లోపలి పళ్ళెం మీద ఉంటుంది. కింద ఆకుపచ్చ బోర్డు ఉంటుంది. పళ్ళేన్ని తిప్పేదీ చదివించేదీ ఆ బోర్డే. బోర్డు మీది చిప్పుల కాళ్ళు ఉప్పు తిని సగం రాలిపోయాయి. నీళ్ళు తీసిన రెండు రోజులకు గాని మార్కు వాటిని ముంచలేదు. ఆ రెండు రోజుల్లో పని అయిపోయింది.

లోపలికి గాలి పోవడానికి డిస్కు మీద చిన్న రంధ్రం ఉంటుంది. దాంట్లోంచి డీజిలు పోయి ఉంటే ఇక ఆశ లేదు. తిప్పి చూశాను. రంధ్రం కనపడలేదు. దాని మీద గ్రీజు ముద్ద ఉంది.

"ఇదెవరు పెట్టారు?"

"నేనేనండి," అన్నాడు మార్కు. "ఊపిరి తీసే రంధ్రం మూయకుండా ఇంజన్ను ముంచుతామా?"

నేను అతన్ని తిట్టడానికి నోటి దాకా తెచ్చుకున్న మాటలు మింగాను.

బోర్డు మార్చాలి. అదే మోడలు, అదే నెలలో తయారైన డిస్కు బోర్డు అయితేనే పనిచేస్తుంది. ముప్పై కంప్యూటర్లలో అలాంటివి ఏడున్నాయి. నా నోటుపుస్తకంలో రాసుకున్నాను. రెండు పల్లెపాలెంలోనే, డ్రమ్ములో, ఉప్పు తిన్నవే. మూడు బాపట్లలో చర్చి సంఘం హాస్టల్లో. ఒకటి రేపల్లె యువజన సంఘం ఆఫీసులో. ఏడోది ఎక్కడుందో నాకు తెలుసు. దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

డిస్కును గుడ్డలో చుట్టుకుని తిరిగి వస్తూ దారిలో రేపల్లెలో ఆగాను. యువజన సంఘం అధ్యక్షుడు బసవేశ్వరరావు గారు ఎరువుల కొట్టులో ఉన్నారు. నేను చెప్పిందంతా విన్నారు.

"డీజిల్లో ముంచినవాళ్ళ కోసం బాగున్నదాన్ని పాడుచెయ్యమంటారు. అంతేనా?"

"బోర్డు ఒక్కటే అండి. మళ్ళీ బిగిస్తాను."

"కాలిపోదని రాసిస్తారా?"

"రాసివ్వలేనండి."

"అయితే మీ సొసైటీ పేరు పైన వెయ్యాలన్నప్పుడే ఈ బాధ్యత కూడా పైన వేసుకోవాల్సింది," అన్నారు. తర్వాత మెత్తబడి, "సాయిబుగారూ, మీ మీద కోపం కాదు. తుఫాను సాయానికి జాబితాలు మొత్తం దాంట్లోనే కొడుతున్నాం. పద్నాలుగు ఊళ్ళు. అది ఆగితే నన్ను చెప్పుతో కొడతారు," అన్నారు.

బుధవారం బాపట్ల వెళ్ళాను. చర్చి సంఘం కార్యదర్శి తోమాసు గారు హాస్టలు వరండాలో నిలబడి పిల్లలకు టిఫిన్ పెట్టిస్తున్నారు. ఊళ్ళు మునిగినవాళ్ళ పిల్లలు అరవై మంది అదనంగా ఉన్నారని చెప్పారు. ఆయన స్టిక్కరు మాట ఎత్తలేదు.

"మూడిట్లో ఒకటి ఇవ్వాలంటే కమిటీ కూర్చోవాలి. కమిటీ ఇరవై రెండున కూర్చుంటుంది."

"ఇరవై రెండు దాకా ఆ డిస్కు ఉండదు సార్. ఎండేకొద్దీ లోపల బిగుసుకుంటుంది."

"కువైట్‌లో ఉన్న తల్లులు పదకొండు మంది పిల్లలతో ఇవాళ మాట్లాడారు ఇమాముద్దీన్ గారూ. ఇంటర్నెట్‌లో ముఖాలు చూసుకున్నారు. పిల్లలు బతికున్నారని వాళ్ళకు తెలిసింది ఆ పెట్టెల వల్లే. చచ్చిపోయినాయన చెయ్యి కోసం ఒకటి విప్పేశానని వాళ్ళకు నేనెలా చెప్పను?"

ఆయన టీ తెప్పించారు. ఇద్దరం తాగాం.

ఏడోది మా ఇంట్లో ఉంది.

మా అమ్మాయి సుమయాకి అప్పుడు పంతొమ్మిదేళ్ళు. పోలియో వచ్చి రెండు కాళ్ళూ పనిచేయవు. కాలేజీ మేడ మీద ఉందని ఇంటర్ తర్వాత చదువు ఆగిపోయింది. కమిటీ ఇళ్ళకిచ్చిన ఐదింటిలో ఒకటి తనకు వచ్చింది. నేను అడగలేదు. కమిటీలో బసవేశ్వరరావు గారే ఆ పేరు చెప్పారు. నాలుగు నెలల్లో తను డీటీపీ నేర్చుకుంది. తెనాలిలో ఒక ప్రెస్సు శుభలేఖలు, గైడ్ల పని పంపడం మొదలుపెట్టింది. నవంబరులో పెళ్ళిళ్ళు. ముప్పై శుభలేఖలు, ఒక గైడు ఆ డిస్కులో ఉన్నాయి.

బాపట్ల నుంచి వచ్చి అన్నం తింటూ సంగతి చెప్పాను. సుమయా అన్నీ అడిగింది. ఎన్ని డిస్కులు ఒకే మోడలు, బోర్డు మారిస్తే ఏమవుతుంది, పాత డిస్కు మోటారు బిగుసుకుపోతే బోర్డు కాలుతుందా. కాలవచ్చన్నాను.

"ఏడు అన్నావు కదా అబ్బా. ఆరే చెప్పావు."

నా భార్య మహమూదా గిన్నె కింద పెట్టింది. "ఆరే," అంది. "ఆయన లెక్క తప్పడు."

శుక్రవారం మధ్యాహ్నం జుమా నమాజుకు వెళ్ళి వచ్చాను. ముందు గదిలో సుమయా కింద కూర్చుని ఉంది. తన కంప్యూటరు మూత పక్కన ఉంది. గుడ్డ మీద ఆరు మరలు వరసగా పెట్టి ఉన్నాయి. చేతిలో బోర్డు ఉంది.

"నువ్వు అడగవని తెలుసు," అంది. "అందుకే నువ్వు లేనప్పుడు తీశాను."

వంటింటి గుమ్మంలో మహమూదా నిలబడి ఉంది.

"ఏమండీ, ఆ పిల్లకి నాన్న లేడు. మీ పిల్లకి కాళ్ళు లేవు. మీరు ఎవరికి ముందు చేస్తారో చేయండి. నేనేం మాట్లాడను," అంది. అని అక్కడే నిలబడింది.

నేను బోర్డు తీసుకుని పల్లెపాలెం డిస్కుకు బిగించాను. రిపేరుకు వచ్చి ఉన్న ఒక కంప్యూటరుకు తగిలించాను. మొదటిసారి మోటారు తిరగలేదు. రెండోసారీ తిరగలేదు. మూడోసారి డిస్కును చేత్తో పట్టుకుని ఒక పక్కకు తిప్పుతూ స్విచ్చి వేశాను. తిరిగింది.

తెర మీద ఫోటోల వరస వచ్చింది. 01 నుంచి 42 దాకా. తేజస్విని వాళ్ళ గుమ్మం మీద పదిహేడు అని రంగుతో రాసి ఉండేది నాకు గుర్తుంది. ముందు పదిహేడు తెరిచాను. మూడు నిమిషాలు పట్టింది. ఒక ముసలాయన, ముసలావిడ, మేక. తేజస్విని వాళ్ళు కాదు. ఇంటి నంబర్ల వరసలో కాదు, మరేదో వరసలో పెట్టిందనుకున్నాను. వెతుక్కుంటూ ఒక్కొక్కటే తెరిస్తే డిస్కు అంతసేపు బతకకపోవచ్చు. పేర్ల పట్టిక, ఫోటోలు మొదటి నుంచి వరసగా కాపీ పెట్టాను. పల్లెపాలెంలో ఫోన్లు లేవు. ఉన్నా అడగాలని తట్టేది కాదు.

పట్టిక వచ్చింది. ఒకటి వచ్చింది, రెండు వచ్చింది. సుమయా ఒక్కొక్కటి రాగానే తెరిచి చూసింది. ప్రతి ఇంటివాళ్ళూ ఒకే దుప్పటి ముందు నిలబడ్డారు. తెల్ల దుప్పటి, ఒక కొస నేలలో పాతిన తెడ్డుకు కట్టి ఉంది. నేను ముఖాలు చూస్తున్నాను. తేజస్విని ముఖం కోసం.

"ప్రతిదాంట్లో ఈ పక్కన ఎవరిదో చెయ్యి పడింది అబ్బా. అంచు కోసెయ్యనా? శుభ్రంగా ఉంటుంది," అంది సుమయా.

"అంత టైము లేదు. అలాగే ఉండనీ."

నాలుగున్నరకు నలభై ఒకటి వచ్చింది. నలభై రెండు మొదలైంది. డిస్కు లోపల గోరుతో గీకిన చప్పుడు వచ్చింది. తర్వాత కాలిన వాసన. స్విచ్చి తీసేసరికి బోర్డు మీద నల్ల మచ్చ ఉంది. మోటారును వేలితో తిప్పబోయాను. బిగిసింది. ఇక ఏ బోర్డు వేసినా తిరగదు.

నలభై ఒకటీ రెండుసార్లు చూశాను. వాళ్ళు లేరు.

మహమూదా వచ్చి బోర్డు వాసన చూసింది. "ప్రెస్సు వాళ్ళకు ఏం చెప్పాలి?" అని సుమయాని అడిగింది. సుమయా, "నేను చెప్తాలే అమ్మీ," అంది. ఆరు మరలనూ అగ్గిపెట్టెలో వేసింది.

శనివారం స్టూడియోలో ఫోటోలు కడిగించాను. మూల మీద తేదీ పడింది, 14-06-2006. ఆదివారం పల్లెపాలెం తీసుకెళ్ళాను. పట్టిక కాగితాలు కూడా. పునరావాసం జాబితాలో పేరు ఎక్కాలంటే ఏదో ఒక ఆధారం చూపించాలని మండలం ఆఫీసు అడుగుతోంది. నలభై ఒక్క ఇళ్ళకు ఆధారం వచ్చింది. జనం బడి ముందు గుమిగూడి ఎవరి ఫోటో వాళ్ళు తీసుకున్నారు. ఒకరు నవ్వారు కూడా, మేక పడిందని.

తేజస్విని వెనక నిలబడింది. నేను చెప్పకముందే, "మాది రాలేదా సార్," అంది.

"నలభై ఒకటి వచ్చాయమ్మా. ఆఖరిది రాలేదు. మీ ఇల్లు పదిహేడు కదా?"

"ఇల్లు పదిహేడే. రాసేది నేను కదా సార్. వడ్డించేవాళ్ళు ముందు కూర్చోరు కదా. అందుకని మాది ఆఖర్న పెట్టాను."

సోమవారం డ్రమ్ము దగ్గర ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. నలభై రెండు ముందు తెరిచేవాణ్ణి. ఆ పిల్ల కళ్ళలోకి చూడలేక ఇసుకలోకి చూశాను.

"నా తప్పమ్మా," అన్నాను.

"మీకేం తెలుసు సార్," అంది.

కోటిరత్నం పక్కింటివాళ్ళ ఫోటో అడిగి తీసుకుంది. ఆవిడకు చదువు రాదు. దాన్ని చూసి ఇంకో ఇంటివాళ్ళది అడిగింది. అది చూసి ఇంకొకరిది. జనం ఒక్కొక్కరే తమ ఫోటోలు ఆవిడ చేతికిచ్చారు. ఆవిడ కింద కూర్చుని వాటిని పక్కపక్కన ఇసుక మీద పరిచింది.

"దుప్పటి మాదేనే," అంది కూతురితో.

"అవునమ్మా."

"రెండో కొస ఎవరు పట్టుకున్నారు?"

తేజస్విని వంగి చూసింది. నేనూ చూశాను. ప్రతి ఫోటోలో ఎడమ అంచున, దుప్పటి మడత మీద నాలుగు వేళ్ళు ఉన్నాయి. అన్నిటికంటే పైనున్న వేలు తక్కినవాటి కంటే ముందే ఆగిపోయింది. గోరు లేదు.

"పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పట్టుకున్నాడు," అంది కోటిరత్నం. "చెయ్యి లాగుతోందని రాత్రి అన్నం తినేటప్పుడు కూడా ఎడంచేత్తో గిన్నె పట్టుకోలేదు. నవ్వాను నేను."

మార్కు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మా ఇంటి ఫోటోకి మస్తాను ఉన్నాడు. వాళ్ళ ఇంటి ఫోటోకి నేను పట్టుకున్నాను," అన్నాడు.

మంగళవారం బాపట్ల బస్సులో పదిహేను మందిమి వెళ్ళాం. ప్రతివాళ్ళూ తమ ఇంటి ఫోటో తెచ్చుకున్నారు. స్టేషను రైటరు మొదటి ఫోటో చూశాడు.

"ఇందులో మీ ఆయనేడమ్మా?"

"ఫోటోలో వాళ్ళున్నారండి. దుప్పటి పట్టుకుంది ఆయన."

రైటరు ఫోటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. తేదీ చూశాడు. ఇంకోటి అడిగాడు. ఇంకోటి. ఏడు చూశాడు. లోపలికి వెళ్ళి శవం చేతికి తీసిన ఫోటో ఉన్న ఫైలు తెచ్చాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. తర్వాత రిజిస్టరు తెరిచాడు.

"పేరు చెప్పమ్మా."

కోటిరత్నం కూతురి వైపు చూసింది. వాళ్ళలో ఆడవాళ్ళు మగడి పేరు పలకరు. రైటరు కలం పట్టుకుని తల ఎత్తి చూశాడు.

"మస్తాన్‌రావు," అంది తేజస్విని.

రైటరు రాశాడు.

బయట బెంచీ మీద ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఆ రోజు కూడా ఉన్నారు. మేము బయటకు వస్తుంటే వాళ్ళలో ఒకావిడ, "ఏదమ్మా, ఓసారి చూడనివ్వు," అని ఫోటో తీసుకుంది. వేలు చూసింది. తిరిగి ఇచ్చేసింది.

"మావాడిది ఇంకొంచెం పైకి తెగింది," అంది. ఆ మాట అని బెంచీ మీద మళ్ళీ కూర్చుంది.

ఆ సాయంత్రమే తీరం దగ్గర ఇసుక చూపించారు. వెదురు పాతి, దానికి నంబరు కట్టారు. కోటిరత్నం దాని ముందు కూర్చుని గాజులు తనే తీసుకుంది. పగలగొట్టనివ్వలేదు. కొంగులో కట్టుకుంది.

తేజస్విని డిసెంబరులో బడి మానేసింది. తల్లితో రేపల్లె మార్కెట్టుకు చేపల తట్ట మోయాలి. పరీక్షకు కట్టమని నేను, టీచరు రెండుసార్లు వెళ్ళి చెప్పాం. "రెండో మనిషి లేకపోతే తట్ట తలకెత్తేవాళ్ళుండరు సార్," అంది. ప్రెస్సువాళ్ళు సుమయా పని ఇంకొకరికిచ్చారు. బాపట్ల హాస్టల్లో కంప్యూటరొకటి చెడితే దాని బోర్డు తనకిమ్మని తోమాసు గారిని అడిగి ఉంచాను. అది చెడడానికి రెండేళ్ళు పట్టింది. అప్పటిదాకా మా ఇంటి ముందు గదిలో తన బల్ల మీద అగ్గిపెట్టె ఒకటి ఉండేది. మహమూదా దాన్ని తుడిచి మళ్ళీ అక్కడే పెట్టేది.

మార్కు ముంచిన నాలుగింటిలో రెండు జనవరిలో లేచాయి. ఏసీ గదిలో ఉంచిన వాటికంటే శుభ్రంగా ఉన్నాయి. కమిటీ మళ్ళీ కూర్చుంది. పేర్లు లేకుండా స్టిక్కరు వేశారు. ప్రతి బడికీ ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చారు. కెమెరా మళ్ళీ పల్లెపాలెం పంపారు. ఈసారి నాతో.

తేజస్విని ఆదివారం బడికి వచ్చింది. మెడ మీద తట్ట మచ్చ ఉంది. కొత్త పట్టిక తెరిచి ఒకటి అని కొట్టింది. పక్కన వాళ్ళమ్మ పేరు, తన పేరు కొట్టింది. రెండే.

తెడ్డు పాతారు. దుప్పటి కొత్తది, తుఫాను సాయం కింద ఇచ్చింది. ఒక కొస తెడ్డుకు కట్టారు. రెండో కొస పట్టుకోవాల్సిన మార్కు ఇంజను పని మీద వెళ్ళాడు. నేను పట్టుకున్నాను. కెమెరా ఎలా నొక్కాలో ఒక టీచరుకు చెప్పి తేజస్విని వెళ్ళి తల్లి పక్కన నిలబడింది.

"సార్, మీ చెయ్యి పడుతోంది," అంది టీచరు. "కాస్త పక్కకి జరగండి."

నేను జరగబోయాను.

"వద్దు టీచర్," అంది తేజస్విని. "ఉండనివ్వండి."